ఇరుసు వెనక నేల

ఎల్డన్ టోలివర్ భయస్తుడు. అమెరికాలో వయోమింగ్ రాష్ట్రం, బఫెలో ఊళ్లో ఈ మాట అతని ముఖం మీదే అనేవాళ్లు, అతనూ కాదనేవాడు కాదు. పొయ్యి కట్టేశానో లేదోనని సగం దారి నుంచి ఇంటికి తిరిగి వచ్చేవాడు. నిచ్చెన గట్టిగా ఉందో లేదో చూడాలని ఊపి ఊపి, గట్టిగా ఉన్నదాన్ని కూడా వదులు చేసేవాడు. వయోమింగ్ గాలికి ఎగిరిపోతుందేమోనని టోపీ కొనడమే మానేసిన మనిషి.

ఒక్క పనిలో మాత్రం అతనికి బెదురుండేది కాదు. ఇళ్లకు టైల్స్ పరచడం అతని వృత్తి. మోకాళ్లకు మెత్తలు కట్టుకుని నేల మీద కూర్చున్నాడంటే వేరే మనిషి. పలక మీద పెన్సిల్ గీత గీసి, నీళ్లు చిమ్మే రంపం కింద పెట్టి కోస్తే అంచు మీద వేలు ఆనించినా గుచ్చుకునేది కాదు.

అతని భార్య ఆర్లిస్ తన రొమ్ములో గడ్డ ఉందన్న సంగతి నెలల తరబడి అతనికి చెప్పలేదు. చెబితే హడలిపోతాడని ఆగింది. తెలిసేసరికి డాక్టర్లు చేయగలిగింది ఏమీ మిగల్లేదు. ఆమె పోయాక అతని భయాలన్నీ మూట కట్టుకుని కూతురు కార్లీన్ నెత్తిన కూర్చున్నాయి. ఆమె కారు తీస్తే భయం, ఫోను ఎత్తకపోతే భయం, తుమ్మినా భయమే.

కార్లీన్ వేసవుల్లో గొడ్లను పెంచే రాంచ్‌లలో పనివాళ్లకు వండిపెడుతుంది. ఆ ఏడు కొండకు అవతల, టెన్ స్లీప్ అనే ఊరి దగ్గర పని దొరికింది. ఉండటానికి ట్రక్కుకు తగిలించి లాక్కెళ్లే చక్రాల ఇల్లు, ఒక పాత ట్రైలర్ కొనుక్కుంది. అది ఎల్డన్ చిన్నతనం నాటిది. గుండ్రటి మూలలు, అల్యూమినియం ఒళ్లు, ముందు వైపు మంచం, వెనక చివర వంటగది. తలుపు దగ్గర నేల చివికి చెక్క చేత్తో తీస్తే వచ్చేసేది. ఎల్డన్ చివికిందంతా పీకేసి కొత్త చెక్క వేశాడు. ఇక పైన పరచడమే మిగిలింది. కార్లీన్ వెనక కాగితం ఊడదీసి అంటించే ప్లాస్టిక్ వినైల్ పలకలు తెచ్చింది.

“ఇవెందుకు తెచ్చావు, బూట్ల అడుగున అంటించుకోవడానికా?” అన్నాడు ఎల్డన్.

అతని గ్యారేజీలో జీవితమంతా పరిచిన నేలల్లో మిగిలిన పలకలున్నాయి. ఊరి బ్యాంకువి, పళ్ల డాక్టరు గదివి, మెథడిస్టు చర్చి వంటగదివి. ఆర్లిస్ నిలబడి వంట చేసిన తమ ఇంటి నేల తాలూకు ఆకుపచ్చవి కొన్ని. అన్నీ కాల్చిన మట్టి పలకలు. వాటితో కూతురి వంటగదికి నేల వేస్తానన్నాడు. కార్లీన్ తండ్రి ముఖంలో వెలుగు చూసి సరేనంది.

ట్రైలర్ దారిలో ఊగుతుంది, చట్రం మెలితిరుగుతుంది, పలకలు పగులుతాయని ఎల్డన్‌కు తెలుసు. కాబట్టి అడుగున సిమెంటు అట్ట వేశాడు. ఒకటి సరిపోయేది. అతను ఎల్డన్ గనక రెండు వేశాడు. జిగురు కూడా మందంగా పట్టించాడు. చక్రం కోసం లోపలికి పొడుచుకొచ్చిన గుండ్రటి మూపు చుట్టూ అట్టముక్కతో కొలత తీసి, ఆ ఒంపును పలక మీద గీసి, పట్టకారుతో ఎలుక కొరికినట్టు కొంచెం కొంచెం కొరుకుతూ కోశాడు. ఆకుపచ్చ పలకలు పొయ్యి ముందు పరిచాడు. పూర్తయ్యాక గుమ్మంలో నిలబడి చూసుకుంటే, ఆర్లిస్ పోయిన తరవాత మొదటిసారి అతనికి గుండె తేలికపడింది. అంత మంచి పని అతని చేతి నుంచి ఎప్పుడూ రాలేదు, నిజం చెప్పాలంటే.

పక్కింటి వెర్లా వచ్చి చూసింది. ఆమె నూనె బావుల వెంట ట్రైలర్లలోనే కాపురం చేసిన మనిషి. నేల మెచ్చుకుంటుందని ఎల్డన్ ఎదురుచూశాడు. ఆమె వంగి చక్రాలు చూసింది, వెనక బంపరు మీద చెయ్యి వేసి నొక్కింది.

“ఈ పలకలన్నీ ఇరుసుకి వెనకాలేనా, ఎల్డన్?”

“వంటగది వెనక ఉంటే నేల ముందు వేస్తారా?” అన్నాడతను. నీ ఇంట్లో ప్లాస్టిక్కు చూసి చూసి నీకు కళ్లు పోయాయని కూడా అన్నాడు. వెర్లా లేచి చేతులు దులుపుకుంది. వెళ్తూ వెళ్తూ కార్లీన్‌తో ఏదో గొణిగింది. కుళ్లు అనుకున్నాడు ఎల్డన్.

బయల్దేరే పొద్దున అతను టైర్లు చూశాడు, గొలుసులు చూశాడు, లైట్లు వెలిగించి ఆర్పి వెలిగించాడు, కొక్కెం దగ్గర చీల మూడుసార్లు లాగాడు. నేల వైపు చూడలేదు. తన చేతి పనిని అనుమానించడం అతని భయాల జాబితాలో లేదు. ట్రైలర్‌ను లాగే కార్లీన్ ట్రక్కు వెనకాలే కొండ దాటేదాకా వస్తానని తన పాత ట్రక్కు తీశాడు. కార్లీన్ వద్దనలేదు. వద్దంటే ఇంట్లో కూర్చుని ఫోను చేస్తూనే ఉంటాడని ఆమెకు తెలుసు.

ఎక్కినంతసేపూ బాగానే ఉంది. కనుమ దాటి రోడ్డు కిందికి వాలింది. ఒక పక్క రాతి గోడ, ఇంకో పక్క చూడటానికి ధైర్యం చాలనంత లోతు. అప్పుడు ఎల్డన్‌కు ట్రైలర్ వెనక భాగం రోడ్డు వైపు కుంగి ఉన్నట్టు కనిపించింది. ముందు భాగం ముక్కు పైకెత్తుకుని ఉంది. ఎక్కేటప్పుడు వాలు వల్ల అనుకున్నాడు. ఇప్పుడు దిగుతున్నా అలాగే ఉంది.

ట్రైలర్ తోక కొంచెం ఎడమకు వెళ్లింది. కొంచెం కుడికి వచ్చింది.

 ఎల్డన్‌కు పని నేర్చుకునే రోజుల్లో మేస్త్రీ చెప్పిన మొదటి సంగతి గుర్తొచ్చింది. చిన్న బండిలో టైల్స్ పెట్టెలు ఎక్కించేటప్పుడు ఇరుసుకు ముందే పెట్టాలి, వెనక పెడితే బండి తోక ఊపి లాగే ట్రక్కును కూడా దొర్లిస్తుంది. నలభై ఏళ్లు పెట్టెలన్నీ ముందే పెట్టాడు. కానీ నేల కూడా బరువేనని అతనికి తోచలేదు. ఇళ్లలో నేల బరువు భూమి మోస్తుంది. పెట్టెలో ఉంటే సరుకు, పరిచేస్తే నేల. అదే పలక, అదే తూకం. పైగా సిమెంటు అట్టలు రెండు. వెర్లా అడిగింది దీని గురించే.

ఫోను తీశాడు. ఆ లోయలో సిగ్నలు లేదు. హారన్ కొడదామంటే కూతురు బెదిరి ఏం చేస్తుందోనని చెయ్యి ఆగిపోయింది. ఊపు పెద్దదైంది. ట్రైలర్ చక్రం రోడ్డు అంచు గులకరాళ్లలోకి దిగి రాళ్లు లోయలోకి ఎగిరాయి. బ్రేకు తొక్కు తల్లీ, బ్రేకు తొక్కు అని గొణుగుతూ అతను తన ట్రక్కు బ్రేకే తొక్కేశాడు. ఆమెకు చిన్నప్పటి నుంచి నేర్పింది అదే, ఏం జరిగినా ముందు బ్రేకు తొక్కమని. ఆర్లిస్‌ను తలుచుకున్నాడు. నీ కూతుర్ని నా చేతుల్తో నేనే చంపుతున్నాను అనుకున్నాడు.

కార్లీన్ తన ట్రక్కు బ్రేకు తొక్కలేదు. ట్రైలర్‌ను మాత్రం ఎవరో వెనక నుంచి పట్టుకుని లాగినట్టు అది బిగిసింది, ఒకసారి విదిలించుకుంది, సాఫీ అయింది. కార్లీన్ నెమ్మదిగా వెళ్లి రోడ్డు పక్క వెడల్పుగా ఉన్న గులకరాళ్ల జాగాలో ఆపింది.

ఎల్డన్ ట్రక్కు దిగి ఆమె కిటికీ దగ్గరికి వెళ్లాడు. కార్లీన్ స్టీరింగ్ వదలకుండా కూర్చుని ఉంది. పెదాలు తెల్లబడ్డాయి. ఊగినప్పుడు ట్రక్కు బ్రేకు తొక్కితే ఊపు ఇంకా పెరుగుతుందని, అది తొక్కకూడదని, డ్యాష్‌బోర్డు కింద ఉన్న మీట జరిపి ట్రైలర్ బ్రేకు ఒక్కటే పట్టించాలని వెర్లా చెప్పిందట.

“వెర్లాకి తెలుసా?”

“నాకూ తెలుసు నాన్నా. నిన్న ఊరి బయట తోలి చూసినప్పుడే ఊగింది.”

“మరి నాకెందుకు చెప్పలేదు?”

 నెమ్మదిగా వెళ్తే ఏమీ కాదనుకున్నానంది కార్లీన్. తరవాత తండ్రి వైపు చూడకుండా అంది, “నీకు చెబితే ఎలా అయిపోతావో నాకు తెలుసు. దానికంటే కొండ దిగడమే నయమనిపించింది.”

ఎల్డన్ ట్రైలర్ మెట్టు మీద కూలబడ్డాడు. ఆర్లిస్ కూడా ఇలాగే అనుకుని ఉంటుంది. అతని ముఖం ఎలా అయిపోతుందో తలుచుకుని, గడ్డను పెట్టుకుని తిరగడమే నయమనుకుంది. తను భయపడ్డ ప్రతిసారీ వాళ్లను కాపాడుతున్నాననుకున్నాడు. వాళ్లేమో అతని భయం నుంచి తప్పించుకోవడానికి చావును పక్కన పెట్టుకుని తిరిగారు. 

లేచి తన ట్రక్కులోంచి ఉలి, సుత్తి తెచ్చాడు. కార్లీన్ వద్దు నాన్నా, మెల్లగా వెళ్దాం అంది. అతను వినిపించుకోలేదు. మోకాళ్ల మీద కూర్చుని బ్యాంకు పలకలతో మొదలుపెట్టాడు. తరవాత పళ్ల డాక్టరువి, చర్చివి. అతని పని గట్టిది కాబట్టి ఏ పలకా సొంతంగా ఊడలేదు, అన్నీ పగలగొట్టాల్సి వచ్చింది. కార్లీన్ ముక్కలు బక్కెట్లో ఎత్తి తండ్రి ట్రక్కులో పోసింది.

ఆకుపచ్చ పలకల దగ్గర ఉలి ఆగింది.  

“కార్లీన్,” అన్నాడు, “ఇంకేమన్నా నాకు చెప్పనిది ఉంటే ఇప్పుడు చెప్పు. భయపడతాను. అయినా చెప్పు.”

కార్లీన్ బక్కెట్ కింద పెట్టి అతని పక్కన, పగిలిన నేల మీద కూర్చుంది. చెప్పడం మొదలుపెట్టింది.