నాన్న గుండె మాత్రలు

ఒక్కో గదిలో ఒక్కో కుటుంబం ఉండే మా చాల్ గ్యాలరీలో ఆరేసిన తడి చీరలు, ఎవరూ అడక్కపోయినా, రోజూ నా కళ్లద్దాలు తుడుస్తాయి.

ముంబై కామాటిపురలో మా బిల్డింగ్ చాలా పాతది. వానాకాలం వస్తే, ఎప్పుడు కూలుతుందోనని, ఉన్నపళంగా దిగి పరుగెత్తడానికి ప్రతి ఇంట్లో ఒక మందుల సంచి తలుపు కొక్కేనికి వేలాడుతుంది. మాది అమ్మ సర్దుతుంది. గుమ్మం దాటినప్పుడల్లా అది నా భుజం తడుతుంది. నాన్నకూ ఆ అలవాటుండేది.

ఈసారి విప్పి చూశాను. నిరుడు చనిపోయిన నాన్న గుండె మాత్రలు, పాత చీటీ మీద తెచ్చిన కొత్తవి, నిండుగా ఉన్నాయి. అమ్మ రోజూ మింగే షుగర్ మాత్ర ఒక్కటీ లేదు.

"నీ గోలీలేవమ్మా?"

"సంచిల జాగ లేదురా. కిందికి దిగినంక మీ నాయన అడిగితే ఏమియ్యాలె?"

గడపలో నిలబడ్డ పక్కింటి అత్త అంది: "వదినా, బిల్డింగ్ పడితే ఆయనకేం గాదు. సచ్చేది నువ్వే."