ఆగకూడని నెత్తురు

ఆ వడ్రంగి భార్య ముడి వేసిందంటే విప్పడానికి ఉలి కావాలని ఇంట్లో వేళాకోళం. పిల్లలు మోకాలు చెక్కుకుని వస్తే చాలు, చేతికందిన గుడ్డ చించి బిగించి కట్టేసేది. ఆ బిగువు ఎక్కణ్ణుంచి వచ్చిందో పిల్లలకు తెలియదు. ఆమె చిన్నపిల్లగా ఉన్నప్పుడు వాళ్లక్క పురిట్లో నెత్తురు ఆగక కన్నుమూసింది. పక్కన కూర్చుని గుడ్డలు అదిమి పట్టుకున్నది ఈమే. అప్పట్నుంచి ఎర్రటి చుక్క కనబడితే చేతులు వాటంతటవే పోతాయి.

మొన్న రంపం మిషను కింద మొగుడి కుడి బొటనవేలు తెగిపోయింది. ఆసుపత్రిలో అతికించారు. ఆ వేలు లేకపోతే ఉలి పట్టలేడు, ఉలి పట్టకపోతే ఆయన ఆయన కాడు. వేల్లోకి నెత్తురు వెళ్తోంది గానీ తిరిగి వచ్చే దారి ఇంకా పడలేదట. అందుకని లోపల నిలిచిపోతున్న నెత్తురును లాగెయ్యడానికి నర్సు సీసాలోంచి జలగను తీసి గోరు పక్కన పట్టించింది.

"మా మేస్త్రీ కంటే నయమే ఇది. కడుపు నిండితే వదిలేస్తుంది," అన్నాడు వడ్రంగి.

అన్నట్టే తాగి రాలిపోయింది. అది కరిచిన చోట మాత్రం నెత్తురు ఊరుతూనే ఉంది.

"ఆగట్లేదేంటి సిస్టరమ్మా?" అంది భార్య.

"ఆగకూడదమ్మా. నెత్తుట్లో ప్లేట్‌లెట్లని సన్నసన్నవి ఉంటాయి. గాయం దగ్గర అతుక్కుని అడ్డం కట్టేవి అవే. జలగ ఉమ్మిలో ఉండే ప్రోటీన్లు వాటిని అతుక్కోనివ్వవు. కొన్ని గంటలు ఇలా కారాల్సిందే. దూది మార్చండి, అదమకండి."

"చూశావుటే, ఇన్నాళ్లూ జిగురు పట్టాలని చచ్చాను. ఇప్పుడు పట్టకపోవడమే మందట," అని మందు మత్తులో కళ్లు మూసుకున్నాడు వడ్రంగి.

నర్సు పక్క వార్డుకు వెళ్లింది. దూది తడిసింది. భార్య మార్చింది. మళ్లీ తడిసింది. ఆయన మొహం పాలిపోయినట్టు అనిపించింది. అక్క మొహం కూడా చివరికి ఇలాగే అయింది. ఇక ఆగలేక గుడ్డపట్టీ తీసి వేలి చుట్టూ బిగించి ముడి వేసింది. నెత్తురు ఆగింది. గుండె కుదుటపడింది.

కాసేపటికి గోరు వంకాయ రంగుకు తిరిగింది.

ముడి విప్పబోతే రాలేదు. పళ్లతో కొరికి తెంపి, పరుగున పోయి నర్సును పిలుచుకొచ్చింది.

"నేనే కట్టాను," అంది.

నర్సు సీసా మూత తీసింది. కొత్త జలగను వేలి మీద పెడితే అది తల అటూ ఇటూ ఆడించి జారిపోయింది.

"పట్టట్లేదేం?"

"వేల్లో నెత్తురు ఆడకపోతే పట్టదమ్మా."

నర్సు సూదితో వేలి మీద చిన్నగా గుచ్చింది. నల్లటి బొట్టు ఒకటి తేలింది. జలగను మళ్లీ పెట్టింది. అది తడుముకుంది, ఆగింది, మెల్లగా వీపు వంచింది.

"పట్టింది," అంది నర్సు.

జలగ రాలేసరికి గోట్లో కాస్త ఎరుపు కనబడింది. నెత్తురు మళ్లీ దూది మీదికి దిగింది. వడ్రంగి కళ్లు తెరిచేసరికి భార్య స్టూలు మీద బిగుసుకుపోయి కూర్చుని ఉంది.

"చేతులేమయ్యాయే?"

"వాటి మీదే కూర్చున్నానండీ. నా మాట వినడం లేదు," అంది, దూది మీంచి చూపు తిప్పకుండా.