వెనక్కి పిలవని జీపు

వస్తువు మీద ధర చీటీ అతికించడమంటే గిరాకీని గుమ్మంలోనే అవమానించడమని మా గద్వాల బజారంతా నమ్మిన రోజులవి. మాది స్టీలు సామాన్ల దుకాణం. అక్షరాలకంటే ముందు నేను నేర్చుకున్న విద్య ఒకటుంది. బేరం కుదరకపోతే కొనేవాడు లేచి నడవాలి, తిరిగి చూడకూడదు. అమ్మేవాడు తొందరపడి పిలవకూడదు. ఎవరి నోరు ముందు తెరుచుకుంటే వాళ్లు ఓడినట్టు. చెప్పుల జత నుంచి డాక్టరు ఫీజు దాకా (అక్కడ మా అమ్మ చెవి మెలిపెట్టి కూర్చోబెట్టింది) అన్నిటిమీదా ఈ విద్యే ప్రయోగించేవాణ్ణి. లేచి నడిస్తే చాలు, "ఇగో అన్నా, ఇటు రా" అని ఎవరో ఒకరు పిలిచేవారు. లోకమంతా ఇట్లాగే పిలుస్తుందనుకున్నాను, కాఫీ తోటలకు పోయేదాకా.

పోదామన్నది అత్తర్. అసలు పేరుతో పిలిస్తే వాడే పలకడు. వాళ్ల నాన్నకు, వాడి మాటల్లో అబ్బాకు, మసీదు సందులో అత్తరు దుకాణం ఉంది. వాడు వీధి మలుపులో ఉండగానే వస్తున్నాడని మా ముక్కులకు తెలిసిపోయేది. అబ్బా మోకాళ్లు మొరాయించడంతో ఆ మరుసటి వారం నుంచి దుకాణంలో వాడే కూర్చోవాలి. (మా బజారులో గల్లాపెట్టె ముందు కూర్చున్న కొడుకు మళ్లీ లేవడం నేనైతే చూడలేదు.) చిక్కమగళూరు వైపు నుంచి వచ్చిన వ్యాపారి ఒకాయన, అక్కడి కొండల్లో వాన పడిందనీ, కాఫీ పూలు విచ్చుతున్నాయనీ, ఉంటే నాలుగు రోజులుంటాయనీ చెప్పి వెళ్లాడట. "మా సీసాలల్ల లేని వాసన ఒక్కటన్న చూసొద్దాంరా," అన్నాడు అత్తర్. వాడు దేన్నీ అంత మెల్లగా అడగడం నేను ఎరగను.

తోడుగా పల్లి వచ్చాడు. గట్టు అనే ఊరి దగ్గర వేరుశనగ పండించే ఇంటివాడు, రెండు జేబుల నిండా ఎప్పుడూ అవే. సరిహద్దు ఊరు కనుక కాస్త కన్నడం కూడా వచ్చు. మార్చి ఎండలో బయలుదేరి, రాయచూరు మీదుగా బస్సులు మారి మారి, ఒక చిన్న కొండ ఊళ్లో తెల్లవారి దిగేసరికి చలికి పళ్లు టకటకలాడాయి. ఎటు చూసినా పచ్చదనం, దానిమీద మంచు, మిరియాల తీగ ఎక్కని చెట్టే లేదు. కానీ కింది తోటల్లో పూలు అప్పటికే వాడి గోధుమరంగుకు తిరిగాయి. అత్తర్ ఒక కొమ్మ దగ్గరికి ముక్కు తీసుకుపోయి, తల అడ్డంగా ఊపాడు. పై తోటల్లో ఇంకా ఉన్నాయనీ, అక్కడికి పోయేది ఎదురుగా ఉన్న ఆ ఒక్క జీపేననీ హోటలాయన చెప్పాడు.

జీపాయన ఒక రేటు అన్నాడు. నేను అందులో సగం అన్నాను. ఆయన నవ్వాడు. నేను అలవాటు ప్రకారం మావాళ్లిద్దరి భుజాలూ పట్టుకుని వీపు తిప్పాను. "ఎనకకు చూడకుండ్రి. ఇప్పుడే పిలుస్తడు." వెనకనుంచి నిజంగానే ఏదో మాట వినిపించింది. ఏమన్నాడని పల్లిని అడిగితే, సరే అన్నాడని చెప్పాడు. గెలిచిన మొహంతో తిరిగి చూస్తే జీపు కొండ ఎక్కుతోంది. వద్దంటే వద్దనే అనుకునే మనుషులతో అక్కడ వ్యాపారాలు ఎట్లా సాగుతాయో నాకు ఈనాటికీ అర్థం కాదు.

నడక మొదలుపెట్టాం. ప్రతి మలుపులోనూ వాడిపోయిన పూలే. ఇంకో జీపు వస్తుందని, దాన్ని ఇంకా తక్కువకు మాట్లాడతానని నేను ధైర్యం చెబుతూ పోయాను. అదే కొంప ముంచింది. అత్తర్ ఆగిపోయాడు.

"నీకు తక్కువకు దొరికితే చాలు. నాకు పువ్వు కావాలెరా. మళ్ల ఎప్పుడొస్త నేను?"

అని ఒక్కడే ముందుకు నడిచాడు. నేను రోడ్డు పక్క మోరీ గోడమీద కూర్చున్నాను. పిలవరాదా అన్నాడు పల్లి, వేరుశనగ ఒలుస్తూ. వాడే తిరిగి చూస్తాడన్నాను. వాడు చూడలేదు. లేచిపోయే గిరాకీల వీపులు దుకాణంలో ఎన్ని చూడలేదు నేను? ఈ ఒక్క వీపు చూడటం మాత్రం నావల్ల కాలేదు. అది చిన్నదై, మలుపు తిరిగి, రోడ్డు ఖాళీ అయింది.

"అత్తర్, ఆగుర," అని పిలిచాను. పలుకు లేదు. ఇంకా గట్టిగా పిలుస్తూ పరుగెత్తాను.

మలుపు అవతల కొండవాలంతా, పత్తి చేను ఒక్కసారిగా పగిలినట్టు, కొమ్మకొమ్మకూ తెలుపు. గాలి నిండా మల్లెకు దగ్గరి చుట్టమేదో వచ్చి నిలబడ్డట్టు వాసన. కంచె పక్కన రాయి మీద అత్తర్ కళ్లు మూసుకుని కూర్చున్నాడు.

"పిలిస్తే ఇనవడలేదార?" అన్నాను రొప్పుతూ.

"ఇన్న," అన్నాడు కళ్లు తెరవకుండానే. "ఇంకో రెండుసార్లు పిలిపిచ్చుకుందామని కూసున్న."

ఈ వాసన అత్తరు చేస్తే సీసా ఎంత పలుకుతుందన్న మాట నా నాలుక చివరిదాకా వచ్చింది. పల్లి ఇచ్చిన గింజలతో పాటు దాన్నీ నమిలి మింగేశాను. ఎండ ఎక్కేదాకా ముగ్గురమూ అక్కడే కూర్చున్నాం. దిగి వచ్చేటప్పుడు ఆ జీపాయనే మమ్మల్ని చూసి ఆపాడు. నేను రేటు అడగకుండా ఎక్కాను. పూల సంగతి వదిలేసి పల్లి గద్వాలంతా ఆ వింతే చెప్పుకు తిరిగాడు.

ఇప్పుడు మా దుకాణంలో ప్రతి గిన్నెకూ ధర చీటీ ఉంది. ఫోనులో రేటు చూసుకునేవాళ్లు గుమ్మం దాకా కూడా రారు, ఇక లేచిపోయేదెవరు? ఆ ముచ్చట తీర్చడానికి అత్తర్ ఒక్కడే మిగిలాడు. గడ్డం సగం తెల్లబడినా, సాయంత్రం వచ్చి ఏదో ఒకదానిమీద వాదం పెట్టుకుని, అలిగి మెట్లు దిగి పోతాడు. నేను ఒకసారి పిలుస్తాను. చప్పుడు ఉండదు. పక్క దుకాణం షట్టరు చాటున నిలబడి వింటుంటాడని తెలుసు. రెండోసారి పిలుస్తాను. ఇక మూడోసారికి గల్లాపెట్టె మూసి నేనే మెట్లు దిగుతాను. మనిషికన్నా ముందు వాసన తగులుతుంది. నవ్వు సర్దుకోవడానికి అక్కడే కాసేపు ఆగుతాను, అంత తేలిగ్గా వాడికి దొరికిపోతే ఎట్లా అని.