వెంకటశేషమ్మ తీసేసిన కాగితం

కోవూరు చుట్టుపక్కల వరిమడులకు నీళ్లు పారుతున్నాయంటే అందులో సగం పుణ్యం వెంకటశేషమ్మది. మోటారు కాలినా, స్టెబిలైజర్ కాలినా మేమంతా ఆమె వైండింగ్ షాపుకే పరిగెడతాం. చెయ్యి ఎంత మంచిదో నోరు అంత గట్టిది. ఒక ఫేజు పోయినా చూసుకోకుండా మోటారు కాల్చుకున్నందుకు నేను తిన్న తిట్లు నాకింకా గుర్తే.

ఇరవై రెండేళ్లలో ఆమె చుట్టినది ఒక్కటి కూడా బాగాలేదని వెనక్కి రాలేదు. ఆ ధీమాతోనే ఎదురుగా టీకొట్టు పెట్టుకున్న రమణయ్యతో ఎప్పుడో పందెం కట్టింది.

"నా పని ఒక్కటి తిరిగొస్తే, ఆ పొద్దు నీ కొట్లో నిలబడి అందరికీ నేనే టీ పోస్తా."

రమణయ్య ఆనాటి నుంచీ కాచుక్కూర్చున్నాడు.

పోయిన నెలలో కిషోర్ బాబు వచ్చాడు. నెల్లూరులో పెళ్లిళ్ల ఆర్కెస్ట్రాలో గిటారు వాయిస్తాడు. గిటారు శబ్దాన్ని పెంచే అతని యాంప్‌లో పాతకాలం రేడియోల్లోలాగా ఒక వాల్వు వెలుగుతుంది. దానికీ స్పీకరుకూ మధ్య ఉండే చిన్న ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయింది.

"ఆదివారం సాయంత్రం ప్రోగ్రాం ఉందక్కా. నాకుండేది ఈ ఒక్క యాంపే" అన్నాడు.

ఆమె విప్పి చూసి మొహం చిట్లించింది. ట్రాన్స్‌ఫార్మర్ కోర్‌లో మూడు కాళ్ల ఇనుప రేకులు కొన్ని, వాటిని మూసే అడ్డరేకులు కొన్ని ఉంటాయి. మంచి పనివాళ్లు వాటిని అటొకటి ఇటొకటి మార్చి మార్చి, సందు లేకుండా బిగిస్తారు. ఇందులో మూడు కాళ్లవన్నీ ఒకవైపు, అడ్డరేకులన్నీ ఇంకోవైపు ఉన్నాయి. మధ్యలో ఒక కాగితం ముక్క.

"ఎవురో చేతగానోడు చేసినాడు" అని కాగితాన్ని చెత్తలో పారేసింది. పాత లెక్క ప్రకారమే తీగ చుట్టి, రేకులు మార్చి మార్చి పేర్చి, రాయిలాగా బిగించి ఇచ్చింది.

ఆదివారం పొద్దున్నే కిషోర్ బాబు యాంప్ మోసుకుంటూ తిరిగొచ్చాడు. వాయించి వినిపించాడు. గిటారు లావు తీగ మీటితే శబ్దం నలిగిపోయి, నీరసంగా వచ్చింది. ఎదురు కొట్లో రమణయ్య మొహం వెలిగిపోయింది. ఆమె మొహం మాత్రం మాడిపోయింది. నాకు నిజంగా జాలేసింది.

చుట్లు సరిచూసింది. తీగ సైజు చూసింది. రెండూ సరిగ్గానే ఉన్నాయి. కిషోర్ బాబు వైపు తిరిగింది.

"నేను చుట్టిన ఈ తీగలో కరెంటు ఇళ్లల్లో కరెంటు మాదిరి అటూ ఇటూ తిరగతాదా?"

"లేదక్కా. ఒకటే వాల్వు గదా, ఎప్పుడూ ఒకే దిక్కుకి పోతుంటది. పాట దాని మీదే పెరగతా తగ్గతా ఉంటది."

"అట్టయితే సందు లేని ఇనుము ఆ కరెంటు అయస్కాంతంతోనే ముందే నిండిపోతాది. ఇంగ నీ పాటకు చోటెక్కడ?" అని నెత్తి కొట్టుకుంది. "ఆ కాగితం ఊరికే పెట్టలా, సందు కోసం పెట్టినాడు!"

రేకులన్నీ ఊడదీసి మొదటున్నట్టే పేర్చింది. పాత కాగితం ఎప్పుడో ఊడ్చేసింది గనుక గోడకున్న క్యాలెండర్ చించి ముక్కలు కత్తిరించింది. ఒక పొర పెడితే శబ్దం కొంచెం తేరుకుంది. రెండు పెడితే లావు తీగ గుండెల్లో మోగింది. మూడు పెడితే మళ్లీ పలచబడింది. రెండు పొరల దగ్గర ఆపి, బోల్టులు బిగించింది.

కిషోర్ బాబు ఆనందం పట్టలేక రోడ్డు పక్కనే వాయించడం మొదలుపెట్టాడు. జనం మూగారు.

"పోనీలే అక్కా, బాగుచేసేసినావు గదా. పందెం ఒదిలేస్తాండా" అన్నాడు రమణయ్య, పెద్దమనసు చేసుకుని.

"తిరిగొచ్చిందా లేదా? పక్కకు జరుగు."

కొంగు బిగించి పొయ్యి ముందు నిలబడింది. మేం గ్లాసులకు చేతులు చాపాం. ఆమె మొదటి గ్లాసు నింపి, ఎవరికీ ఇవ్వకుండా బల్ల మీద పెట్టింది.

"అది ఆ కాగితం పెట్టినాయనది. ఎవురూ ముట్టుకోబాకండి."