కిటికీ దగ్గర ఆగే ఆటగాడు

గల్ఫ్‌లో, ఘుబ్రాలో ఉండే మా అమ్మాయి ఇంటి కింద వీడియో గేముల దుకాణం నడిపిన కడప ఆయన నాకిప్పటికీ కలలో మనిషిలా గుర్తొస్తాడు. ఒక పాత తుపాకీ ఆట ఏ కొత్త గేమ్ యంత్రానికి మళ్లీ విడుదలైనా తెప్పించుకునేవాడు. మొదలుపెట్టగానే మొదటి గదిలో కిటికీ దగ్గర నిలబడి, బయటి బూడిదరంగు కొండలు చూసేవాడు. చిన్నప్పుడు ఇద్దరూ కలిసి ఆడేటప్పుడు ఆయన తమ్ముడు అక్కడే ఆగిపోయేవాడట. ఆ తమ్ముడు ఇప్పుడు లేడు.

“భాయ్, వెనక రాక్షసుడు! కాల్చు, సస్తావ్!” అని కొనడానికొచ్చినవాళ్లు నవ్వేవారు.

“సావనీలేబ్బా. ముందు కొండలు సూడనీ.”

ఒకదాంట్లో కొండలు మసక. ఫోన్‌లో వచ్చినదాంట్లో మరీ చిన్నవి. “మావోడు సూసినవి ఇవి కాదు సారూ,” అనేవాడు.

ఒక సాయంత్రం, ఇద్దరు కలిసి ఆడగలిగే విడుదల వచ్చింది. రెండో రిమోట్ నా చేతిలో పెట్టాడు. నాకు ఆ మీటలు తెలియవు. తడబడుతూ వెళ్లి కిటికీ దగ్గరే ఇరుక్కుపోయాను. తెర ఇద్దరికీ చెరిసగం; ఆయన సగంలో, కొండలకేసి చూస్తూ నిలబడిన నా ఆటమనిషి వీపు కనిపించింది.

“కదలొద్దు సారూ,” అన్నాడు మెల్లగా. “అట్లనే ఉండండి.”

రాక్షసులు రానే వచ్చారు. ఆయన నా వెనక అడ్డంగా నిలబడి కాలుస్తూనే ఉన్నాడు. ఒక్కడు కూడా నా దాకా రాలేదు.