నా పేగుకు పెట్టిన పేర్లు

తొంభైల మొదట్లో ఉదయగిరిలో కాపురముంటూ, వరికుంటపాడు వైపు ఒక హైస్కూల్లో తెలుగు చెప్పేదాన్ని. రోజుకు పదిసార్లు కడుపులో మెలిపెట్టేది. వెళితే రక్తం, జిగట. బడికి మరుగుదొడ్డి లేదు. వెనకున్న కంపచెట్లే దిక్కు.

ఉదయగిరిలో వైద్యం చేసే ఆర్‌ఎంపీ నా నాలుక చూసి తేల్చేశాడు.

"జిగట విరేచనాలు టీచరమ్మా. నీళ్లలో పురుగుండాది."

పురుగును చంపే బిళ్లలిచ్చాడు. మింగితే నోరంతా ఇనుము నాకినట్టుండేది. పది రోజులు తగ్గేది, మళ్లీ మొదలయ్యేది. మళ్లీ అవే బిళ్లలు. రెండేళ్లు గడిచినా పురుగు చావలేదు, ఆయన నమ్మకమూ చావలేదు.

ఆత్మకూరు డాక్టరు ఇంకా ఎక్కువ చదివినవాడు కాబట్టి నన్ను ముట్టుకోకుండానే మొలలన్నాడు. కారం మానేయమన్నాడు. మా అత్త నా కోపమే కారణమంది. హెడ్మాస్టరు హాజరుపట్టీ తిప్పుతూ, "బడి ఎగ్గొట్టే జబ్బుకి మందు యాడుంటాది?" అన్నాడు.

మూడో ఏట ఒకరోజు క్లాసులో బోర్డు దగ్గరే కళ్లు తిరిగి పడిపోయాను. అప్పటిదాకా అందరి మాటకూ తలూపిన మా ఆయన భయపడి మద్రాసు తీసుకెళ్లాడు. అక్కడ తెలుగు వచ్చిన ఒక డాక్టరమ్మ చేసిన మొదటి వింత పని, నన్ను చివరిదాకా మాట్లాడనివ్వడం. తర్వాత గొట్టంతో పేగు లోపల చూసింది, చిన్న ముక్క తీసి పరీక్షకు పంపింది.

"అల్సరేటివ్ కోలైటిస్. పెద్దపేగు లోపలి పొర వాచి, పుండ్లు పడ్డాయి. పురుగు లేదు, మొలలు లేవు. పూర్తిగా పోదు గానీ, మందులతో అదుపులో పెట్టొచ్చు."

ఏడుస్తానేమోనని మా ఆయన చెయ్యి పట్టుకున్నాడు. నాకు నవ్వొచ్చింది. నాది నిజంగా జబ్బేనని ఒకరు ఒప్పుకున్నారు.

"ఇన్నాళ్లూ ఎవరికీ తెలీలేదేం డాక్టరుగారూ?"

"దొరల దేశాల్లో పెద్ద డాక్టర్లే చాలాకాలం దీన్ని జిగట విరేచనాలనుకున్నారమ్మా. మన దగ్గర అవి నిజంగానే ఎక్కువ. మందుకు లొంగనప్పుడు అనుమానపడాలి, అంతే."

ఆ 'అంతే'కి నాకు మూడేళ్లు పట్టింది.

తిరిగొచ్చి ఆర్‌ఎంపీకి రిపోర్టు చూపించాను. తీరిగ్గా తిరగేశాడు.

"నేను చెప్పినాను గదమ్మా. దాన్నే ఇంగ్లీషులో రాసినారు."

మందులు పనిచేశాయి. మరుసటి ఏడు పిల్లల్ని బస్సులో సోమశిల డ్యాం చూపించడానికి తీసుకెళ్లాను. దారిలో బస్సు రెండుసార్లు ఆగింది. రెండుసార్లూ లెక్కల మాస్టారి కోసమే.