ప్రళయానికి ఏ తుపాకీ మంచిది?

అది 2022. ఇంగ్లండ్ పోలీసుల తుపాకీ లైసెన్సుల విభాగంలో నేను ఎంక్వైరీ ఆఫీసర్‌గా చేరి పదకొండేళ్లు. నాకు యూనిఫాం లేదు, తుపాకీ అంతకన్నా లేదు. దరఖాస్తు పెట్టినవాళ్ల ఇంటికి వెళ్లి, నాలుగు ప్రశ్నలడిగి, ఇవ్వొచ్చో లేదో రాయడమే నా పని. వాళ్లింట్లో టీ మాత్రం తాగను. తాగితే మొహమాటం మొదలవుతుంది.

లండన్ దగ్గరి స్లౌ అనే ఊరి నుంచి ఒక దరఖాస్తు వచ్చింది. రమణమూర్తి, ఐటీ ఉద్యోగి. తుపాకీ ఎందుకో చెప్పాల్సిన 'గుడ్ రీజన్' గడిలో జనం పొలంలో కుందేళ్ల బెడద అనో, గాల్లోకి విసిరిన మట్టి బిళ్లల్ని కొట్టే ఆట అనో రాస్తారు. ఈయన 'ప్రపంచం కుప్పకూలితే కుటుంబ రక్షణకు' అని రాశాడు. ఈ దేశంలో అది కారణం కిందికి రాదు. ఫోన్లో చెప్పేయొచ్చు. కానీ తెలుగువాడాయె, మొహం మీదే చెప్పాలనిపించింది.

వెళ్లగానే ల్యాప్‌టాప్ తెరిచి పెద్ద పట్టిక చూపించాడు.

"షాట్‌గన్‌కి దగ్గర్లో తిరుగులేదు మేడమ్. రైఫిల్‌కి దూరం ఎక్కువ. మీ అనుభవంలో ప్రళయానికి ఏది బెటర్?"

"నా అనుభవంలో ఇంకా ప్రళయం రాలేదండీ. ఇంతకీ ఎవర్ని కాలుస్తారు? పక్కింటాయన్నా?"

"అయ్యో, ఆయన చాలా మంచోడు! మేం ఊళ్లో లేకపోతే మా చెత్త బిన్లు కూడా ఆయనే బయట పెడతాడు."

అని గొంతు తగ్గించాడు. "లాక్‌డౌన్లో పాపకి జ్వరమొస్తే సిరప్ కోసం నాలుగు షాపులు తిరిగాను మేడమ్. అన్నీ ఖాళీ. ఆ రాత్రే ఈ పట్టిక మొదలుపెట్టాను."

దానికి వెటకారం చెయ్యలేకపోయాను. బీరువా చూపించమన్నాను. తుపాకీ రాకముందే ఇనప బీరువా గోడకు బిగించి ఉండాలి. దాని తాళంచెవి ఎక్కడుందో లైసెన్సుదారుడికి తప్ప ఇంకెవరికీ తెలియకూడదు.

బీరువా మెట్ల కింద, దేవుడి పటాల పక్కనే ఉంది. దాని నిండా కుంకుమ బొట్లు.

"ఆయుధపూజ చేశాం మేడమ్."

"ఆయుధమే లేదు కదండీ?"

"దసరా మనకోసం ఆగదు కదా!"

"తాళంచెవి?"

"వినాయకుడి కింద. నాకూ ఆయనకూ తప్ప ఎవరికీ తెలీదు."

వంటింట్లోంచి ఆయన భార్య శైలజ వచ్చింది. "ఆ వినాయకుణ్ణి రోజూ తుడిచేది ఎవరండీ? మీరా?"

మెట్లమీంచి ఎనిమిదేళ్ల పాప అంది: "ఐ నో టూ, డాడ్."

తెరవమన్నాను. లోపల ఐదు ఆవకాయ సీసాలు.

"అయిపోయిందన్నావు కదే!" అన్నాడాయన, ప్రళయం అప్పుడే వచ్చినట్టు.

"మీ బీపీకి జీపీ డాక్టరు ఉప్పు మానమన్నాడు. తుపాకీ వచ్చేదాకా ఈ ఇంట్లో మీరు తెరవని చోటు ఇదొక్కటే."

"దరఖాస్తు వెనక్కి తీసుకోండి. లేదంటే ఇవ్వొద్దని నేనే రాయాలి" అన్నాను.

"మరి నిజంగా ఏదన్నా అయితే?"

"మీకు తెలియకుండా ఐదు సీసాలు దాచిన మనిషి ఇంట్లో ఉంది. పాప సిరప్ కూడా ఆవిడకే అప్పజెప్పండి."

శైలజ మెట్ల కింది సొరుగు లాగింది. అందులో జ్వరం సిరప్పులు మూడు, సీలు తియ్యకుండా. రమణమూర్తి వాటిని ఒక్కొక్కటీ తిప్పి చూసి, దరఖాస్తు వెనక్కి తీసుకునే కాగితం మీద సంతకం పెట్టాడు. ఇక దరఖాస్తుదారుడు కాడు గనక టీ తాగాను. ఆవకాయన్నమూ తిన్నాను.

అప్పట్నుంచి తాళంచెవి ఎక్కడుందని దరఖాస్తు పెట్టినవాణ్ణి ముందు అడగను. ఆ ఇల్లు తుడిచేదెవరో కనుక్కుని, వాళ్లని అడుగుతాను.